నాలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారా?

పోయిన సంచికలో ఆఫీసు గొడవల మీద ఎవరికో జవాబిస్తూ మాటల మధ్యలో నా సంగతి ఒకటి రాశాను. 39వ ఏట నాకు ఆటిజం స్పెక్ట్రమ్ అని, అంటే లోకాన్నీ మనుషుల్నీ అర్థం చేసుకునే తీరు పుట్టుకతోనే వేరని తేలిందని, పాత లెక్కలో అయితే దాన్నే ఆస్పర్జర్ సిండ్రోమ్ అనేవారని, అలా పుట్టినందుకు ఇప్పుడు గర్వంగానే ఉందని. రాసింది రెండు వాక్యాలే. వాటికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొన్ని చదువుతూ మధ్యలో ఆపేసి, లేచి అటూ ఇటూ తిరిగి, మళ్ళీ కూర్చుని చదివాను. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే. ఐదు ఉత్తరాలు తీసుకున్నాను, పేర్లు వేయడం లేదు. నేను డాక్టర్ని కాను, ఈ బతుకు బతుకుతున్న మనిషిని. ఆ లెక్కనే చదవండి.

ప్రశ్న: అక్కా, నాకు 34. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తున్నాను. రెండు నెలల కిందట సైకాలజిస్ట్ నాకు ఆటిజం అని రాసిచ్చారు, ఇదివరకైతే ఆస్పర్జర్ అనేవాళ్ళమన్నారు. ఆ రోజు రాత్రి హాయిగా నిద్రపోయాను. వారం తర్వాత నుంచి ఏడుపు ఆగడం లేదు. అమ్మ "ఎవరికీ చెప్పకు" అంటోంది. మీరేమో గర్వంగా ఉందన్నారు. ఇందులో గర్వపడటానికి ఏముంది? నిజంగానే అడుగుతున్నాను.

నేనూ నిజంగానే చెప్తాను తల్లీ. ముందు ఆ ఏడుపు సంగతి. నేను నాలుగు నెలలు ఏడ్చాను. అది తెలిసినందుకు వచ్చిన ఏడుపు కాదు, తెలియకుండా గడిచిపోయిన ఏళ్ళ కోసం వచ్చింది. బడిలో టీచర్ "దీనికి పొగరు" అన్న రోజు, ఇంటికి చుట్టాలొస్తే గదిలోకి పోయి తలుపేసుకున్నందుకు "నలుగురిలో కలవదు" అనిపించుకున్న రోజు, ఫ్రెండ్ కొత్త డ్రెస్ వేసుకుని ఎలా ఉంది అని అడిగితే బాగాలేదని చెప్పేసి ఆ స్నేహమే పోగొట్టుకున్న రోజు... ఇలా ఒక్కొక్కటీ వెనక్కొచ్చి, ఆ రోజు అసలేం జరిగిందో ఇప్పుడు చెప్పి వెళ్తుంది. ఆ వరస అయ్యేదాకా ఏడుపు వస్తుంది. రానీ. తిండీ నిద్రా కూడా పోతుంటే, బతకాలని లేదు అనిపిస్తుంటే మాత్రం ఒక్కదానివే మోయకు, ఆ సైకాలజిస్ట్‌కే వెంటనే ఫోన్ చెయ్యి.

ఇక గర్వం. ఈ మాట ఎత్తగానే మేధావుల జాబితా ఒకటి తెచ్చి పెడతారు, ఐన్‌స్టీన్‌కీ ఉండేదట, న్యూటన్‌కీ ఉండేదట అని. చనిపోయిన వాళ్ళకి డయాగ్నసిస్ ఇవ్వడం కుదరదు. ఇచ్చినా దానివల్ల నీకూ నాకూ ఒరిగేదేమీ లేదు, పైగా ఏదో ఒకటి కనిపెట్టకపోతే మన పుట్టుక దండగ అన్నట్టు ధ్వనిస్తుంది. పర్యావరణం కోసం పోరాడే స్వీడన్ అమ్మాయి గ్రెటా థున్‌బర్గ్ 2019లో తన ఆస్పర్జర్ గురించి రాస్తూ వేరుగా ఉండటాన్ని సూపర్ పవర్ అంది. ఆ ఒక్క మాటా లోకమంతా తిరిగింది. కానీ దాని పక్కనే ఆమె ఇంకో ముక్క రాసింది, పరిస్థితులు సరిగ్గా కుదిరితేనే అని. నాకు ఆ రెండో ముక్కే ముఖ్యం అనిపిస్తుంది.

నా గర్వం చాలా చిన్నది. నా తీరుకి సారీ చెప్పడం మానేశాను, అంతే.

నువ్వు టెస్టింగ్‌లో ఉన్నానన్నావు. అందరూ బాగానే నడుస్తోంది కదా అని వదిలేసిన స్క్రీన్ ముందు, తప్పు ఎక్కడుందో దొరికేదాకా లేవని మనిషివి నువ్వే అయ్యుంటావు. పనిలో దాన్ని శ్రద్ధ అంటారు, ఇంట్లో అదే గుణాన్ని మొండితనం అంటారు. పరిశోధకులు దీనికి మోనోట్రోపిజం అని పేరు పెట్టారు. ధ్యాస పది చోట్ల పరుచుకోకుండా ఒక్కచోటే ధారగా పడటం అన్నమాట. ఆ ధారలో ఉన్నప్పుడు ఎవరైనా పిలిస్తే పలకం, లెక్కలేక కాదు, నిజంగా వినపడదు. మధ్యలో ఒక్కసారిగా లాగితే నిద్రలోంచి చెయ్యి పట్టి ఈడ్చినట్టు ఉంటుంది. మంచీ చెడూ రెండూ ఆ ఒక్క గుణంలోంచే వస్తున్నాయి, ఒకటి ఉంచుకుని ఇంకోటి పారెయ్యడం కుదరదు. ఇది ఒప్పుకున్నాక నాకు సగం టెన్షన్ తగ్గింది.

మిగతా సగం ముసుగుది. మీటింగ్‌లో కూర్చుని నేను లోపల్లోపల ఏం లెక్కపెట్టుకునేదాన్నో చెప్తాను. మూడు సెకన్లు కళ్ళలోకి చూడు, తర్వాత చూపు కనుబొమల మధ్యకి జరుపు, ఇప్పుడు నవ్వు, తలూపు, చేతులు ఆడుతున్నాయేమో చూసుకో, ఇప్పుడు మాట్లాడొచ్చా, లేదు ఇంకొకరు అందుకున్నారు, ఆగు. గంట తర్వాత బయటికొస్తే అందరూ నన్ను చాలా చక్కగా కలుపుగోలుగా ఉన్నావనేవారు. లోపల ఏం మాట్లాడుకున్నారో ఒక్క ముక్క గుర్తుండేది కాదు. ఇంటికొచ్చి లైటు వెయ్యకుండా గంటసేపు పడుకునేదాన్ని. దీన్ని మాస్కింగ్ అంటారు. ఇలా ఎక్కువగా దాచుకునే వాళ్ళలోనే ఆందోళన, డిప్రెషన్ ఎక్కువగా కనిపిస్తున్నాయని పరిశోధనలు చెప్తున్నాయి. ఇప్పుడు నేను మాట్లాడేటప్పుడు బల్ల వైపు చూస్తాను. "నేను ఇటు చూస్తేనే మీ మాట బాగా వినపడుతుంది" అని ముందే చెప్తాను. ఇంతవరకు ఎవరూ లేచి వెళ్ళిపోలేదు.

అమ్మ అన్న మాట భయంలోంచి వచ్చింది, ఆవిడ మీద కోపం పెట్టుకోకు. అయినా పూర్తిగా దాచుకో అంటే మాత్రం నేను ఒప్పుకోను, దాచిన దాన్ని మనసు సిగ్గుపడే విషయంగానే జమకట్టుకుంటుంది. ఒక్కరికి చెప్పు, నువ్వు నమ్మే ఒక్కరికి. ఆఫీసులో డయాగ్నసిస్ చెప్పక్కర్లేదు, నీకేం కావాలో చెప్పు: "పని నోటితో కాకుండా మెయిల్లో పంపండి, తప్పుల్లేకుండా చేసిస్తాను" అని. ముసుగు కూడా అందరి ముందూ ఒకేసారి తీసెయ్యాలని లేదు. కొన్నిచోట్ల అది ఇంకా నిన్ను కాపాడుతూ ఉండొచ్చు, ఎక్కడ తీయాలో నీకే తెలుస్తుంది.

ప్రశ్న: మేడమ్, మా అబ్బాయికి 19 ఏళ్ళు. "నేను ఆస్పీని, అది నా గుర్తింపు" అంటాడు. గోడ మీద క్యాలెండర్‌లో జూన్ 18 చుట్టూ గుండ్రంగా గీసుకున్నాడు, ఆటిస్టిక్ ప్రైడ్ డే అట. జబ్బుకి పండగేమిటండీ? పైగా కౌన్సెలరేమో అసలు ఆ ఆస్పర్జర్ అన్న పేరే ఇప్పుడు లేదంటున్నారు. ఏది నిజం?

కౌన్సెలర్ గారు చెప్పింది నిజమేనండీ. పేరు వెనక కథ కాస్త పెద్దది, మీకూ మీ అబ్బాయికీ కూడా తెలియడం మంచిది. వియన్నాలో హాన్స్ ఆస్పర్జర్ అనే పిల్లల డాక్టర్ 1944లో ఇలాంటి పిల్లల గురించి రాశాడు. నిజానికి అంతకు చాలా ముందే, 1920లలోనే, మాస్కోలో గ్రున్యా సుఖరేవా అనే ఆవిడ దాదాపు ఇలాంటి మగపిల్లల గురించే రాసింది, ఆవిడ పేరు మాత్రం మరుగున పడిపోయింది. ఇంగ్లండ్‌లో లోర్నా వింగ్ అనే సైకియాట్రిస్ట్ 1981లో ఆస్పర్జర్ పేరుతో వ్యాసం రాశాక ఆ మాట వాడుకలోకి వచ్చింది. 1994లో అమెరికన్ సైకియాట్రీ వాళ్ళ డీఎస్ఎమ్ పుస్తకంలో, అంటే డయాగ్నసిస్‌కి డాక్టర్లు చూసుకునే జాబితాలో, విడిగా చేరింది, 2013లో అదే పుస్తకం దాన్ని తీసేసి మొత్తం ఆటిజం స్పెక్ట్రమ్ కిందకి కలిపేసింది. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ అలాంటి జాబితాలోనూ అంతే.

ఇంకో సంగతి ఉంది, ఇది రాయడం కష్టంగా ఉంది. నాజీల కాలంలో వియన్నాలో ష్పీగెల్‌గ్రుండ్ అనే చోట దాదాపు 800 మంది పిల్లలు చనిపోయారు, వైకల్యం ఉన్న పిల్లల్ని అక్కడ చంపేవారు. ఆస్పర్జర్ కొందరు పిల్లల్ని అక్కడికి పంపాడని హెర్విగ్ చెక్ అనే చరిత్రకారుడు పాత రికార్డులు తవ్వి 2018లో బయటపెట్టాడు. అది చదివాక నేను ఆ పేరు వాడటం మానుకున్నాను, ఆటిస్టిక్ అనే చెప్పుకుంటాను. కానీ ఎన్నో ఏళ్ళుగా ఆ మాటతోనే తమని తాము అర్థం చేసుకున్న వాళ్ళు ఉన్నారు, వాళ్ళకి అది డాక్టర్ పేరు కాదు, సొంత పేరు. ఆస్పీ అన్న ముద్దు పేరు కూడా డాక్టర్లు పెట్టింది కాదు, 1999లో లియాన్ హాలిడే విల్లీ అనే ఆస్పర్జర్ ఉన్న రచయిత్రే వాడుకలోకి తెచ్చారు. మీ అబ్బాయికి ఈ చరిత్ర చెప్పి, ఏ పేరుతో పిలవాలో వాడినే అడగండి. వాడు చెప్పిందే పిలవండి.

జబ్బు అన్నారు. కాదండీ. జబ్బయితే రాకముందు ఒక మనిషి ఉంటాడు, తగ్గాక మళ్ళీ ఆ మనిషే మిగులుతాడు. మీ అబ్బాయిలోంచి ఇది తీసేస్తే వెనక వేరే అబ్బాయెవరూ ఉండడు. కష్టాలు లేవని నేననను, వెలుతురూ చప్పుడూ మనుషుల గుంపూ వాడిని నిజంగానే బాధపెడుతుంటాయి, సాయం కావాల్సిన చోట కావాలి. 2005లో ఆ ఆటిస్టిక్ ప్రైడ్ డేని మొదలుపెట్టింది కూడా డాక్టర్లో తల్లిదండ్రులో కాదు, ఈ తీరు ఉన్నవాళ్ళే. 19 ఏళ్ళ కుర్రాడు తనని తాను అసహ్యించుకోకుండా క్యాలెండర్‌లో ఒక తేదీ చుట్టూ గీసుకున్నాడంటే, ఆ వయసులో నాకు అది లేదు. వచ్చే జూన్ 18న ఆ రోజు సంగతేంటో వాడినే చెప్పమనండి. సబ్జెక్ట్ వాడికి ఇష్టమైంది కాబట్టి రెండు గంటలు చెప్తాడు. మధ్యలో ఫోన్ చూడకండి.

ప్రశ్న: మీ గర్వం మాటలు చదివి ఒళ్ళు మండింది. మా పాపకి 8 ఏళ్ళు, మాట లేదు. రాత్రిళ్ళు నిద్రపోదు. ఈ మధ్య తలని గోడకేసి కొట్టుకుంటోంది. దేనికి గర్వపడమంటారు?

అమ్మా, మీ కోపం న్యాయమైనదే. పాప బాధని చూసి ఎవరూ గర్వపడక్కర్లేదు, మీ అలసటకి ఎవరూ అందమైన పేరు పెట్టక్కర్లేదు.

ముందు ఆ తల కొట్టుకోవడం గురించి. ఈ మధ్యే మొదలైందన్నారు కాబట్టి, అది ఆటిజమే అని ఎవరైనా అంటే అక్కడ ఆగిపోకండి. పంటి నొప్పి, చెవి నొప్పి, మలబద్ధకం, తలనొప్పి, వీటిలో ఏదైనా కావొచ్చు. నోటితో చెప్పలేని పిల్ల ఒంటితో చెప్తుంది. పిల్లల డాక్టర్‌కి చూపించి, నొప్పి ఉందేమో వెతకమని గట్టిగా అడగండి, నిద్ర సంగతి కూడా అక్కడే చెప్పండి. రెండోది, మాట రాకపోయినా చెప్పుకునే దారులున్నాయి, బొమ్మల కార్డులు, ట్యాబ్‌లో బొమ్మ నొక్కితే మాట పలికే యాప్‌లు. వాటికి అలవాటు పడితే ఇక మాట రాదేమో అని చాలామంది భయపెడతారు. అది నిజం కాదు, అవి మాటని ఆపుతాయని పరిశోధనల్లో ఎక్కడా తేలలేదు. స్పీచ్ థెరపిస్ట్‌ని అడిగి మొదలుపెట్టండి.

ఆస్పర్జర్ వాళ్ళలో కొందరు "మేము వేరు, ఆ మాటరాని పిల్లలు వేరు" అని గీత గీసుకుంటారు. ఆ గర్వం నాకొద్దు. మిక్సీ చప్పుడుకి చెవులు మూసుకునే మీ పాపా, అదే చప్పుడుకి పళ్ళు బిగబట్టుకుని నవ్వుతూ నిలబడిన నేనూ ఒకే రకం మనుషులం, నాకు మాట వచ్చింది కాబట్టి నా బాధ నలుగురికీ వినపడింది. మీరు కూడా మీలాంటి తల్లుల్ని ఇద్దరినైనా వెతుక్కోండి. సలహాల కోసం కాదు, రాత్రి మూడింటికి మెలకువగా ఉండే ఇంకో మనిషి ఉందని తెలియడం కోసం.

ప్రశ్న: మా వారికి ఆస్పర్జర్ లక్షణాలున్నాయి. ఇలాంటి వాళ్ళకి ఎదుటివాళ్ళ బాధ అర్థం కాదని చదివాను. నిజమేనా? నేను ఏడుస్తుంటే ఆయన వెళ్ళి కుళాయి బాగుచేస్తారు.

ఆయన మీ కోసమే ఆ కుళాయి బాగుచేస్తున్నారేమో ఎప్పుడైనా అడిగారా? మీరు ఏడ్చారు, ఏదో పాడైందని ఆయనకి తెలిసింది, తన చేతిలో ఉన్న పని చేశారు. అందులో ప్రేమ ఉంది, మీకు అందలేదు. అందకపోవడం కూడా నిజమే, దాన్ని నేను కొట్టిపారెయ్యను.

డేమియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ పరిశోధకుడు 2012లో దీన్ని డబుల్ ఎంపతీ అన్నాడు. ఒకవైపు వాళ్ళకే అర్థం చేసుకునే గుణం లేకపోవడం కాదు ఇది, ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి అందకపోవడం. తర్వాత 2020లో కేథరిన్ క్రాంప్టన్ బృందం ఒక ప్రయోగం చేసింది. చిన్నప్పుడు ఒకరి చెవిలో ఒకరం చెప్పుకునే ఆట ఉంటుంది చూడండి, చివరికొచ్చేసరికి మాట ఎంత మారిపోయిందో చూసి నవ్వుకుంటాం. అలాగే ఎనిమిదేసి మందిని వరసగా పెట్టి ఒక కథ దాటించారు. అందరూ ఆటిస్టిక్ అయిన వరసలో కథ, అందరూ మామూలు వాళ్ళున్న వరసలో ఎంత బాగా దాటిందో అంత బాగానే దాటింది. రెండు రకాల వాళ్ళనీ కలిపిన వరసలోనే ఎక్కువ జారిపోయింది. కాబట్టి మీ ఇద్దరి మధ్యా జారిపోతున్న దానికి తప్పు ఒక్కరిది కాదు. ఏడుపొచ్చినప్పుడు ఏం కావాలో మాటల్లో చెప్పండి, "పక్కన కూర్చోండి, ఏమీ మాట్లాడొద్దు" అని. చెప్పించుకుంటే దాని విలువ పోయిందని మాత్రం అనుకోకండి. చెప్పాక ఆయన తప్పకుండా కూర్చుంటారనే నా నమ్మకం.

ప్రశ్న: నాకు 41. డయాగ్నసిస్ కాగితం లేదు, కానీ చదివినవన్నీ నా గురించే రాసినట్టున్నాయి. నాలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారా అని వెతికి, ఒక పీర్ సపోర్ట్ గ్రూపుకి, అంటే ఈ తీరు ఉన్నవాళ్ళు ఒకరికొకరు తోడుగా కలుసుకునే చోటికి వెళ్ళాను. గంటన్నర మూల కూర్చుని, ఒక్క మాట మాట్లాడకుండా వచ్చేశాను. అక్కడ కూడా ఇమడలేకపోయాను. ఇక ఎక్కడికి పోవాలి?

అక్కడికే, ఇంకోసారి.

నా మొదటి రోజు చెప్తాను. ట్యూబ్‌లైట్ ఆపేసి కిటికీ తెరిచి ఉంచారు, నాకు ముందు నచ్చింది అదే. పన్నెండు మంది ఉన్నాం. నాకు చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు, తాళంచెవి గుప్పిట్లో పెట్టుకుని దాని పళ్ళ మీద బొటనవేలు అటూ ఇటూ రాస్తూ ఉంటాను, అలా రాస్తుంటేనే ఎదుటివాళ్ళ మాట చెవికెక్కుతుంది. ఎవరికీ కనపడకుండా ముప్పై ఏళ్ళు బ్యాగు కింద చెయ్యి పెట్టి చేశాను. ఆ రోజు ఎదురుగా కూర్చున్న పెద్దాయన, అరవై దాటి ఉంటాయి, బండి తాళంచెవి తీసి అందరి ముందూ అదే పని మొదలుపెట్టాడు, సరిగ్గా అలాగే, బొటనవేలితో, పళ్ళ మీద. ఎవరూ ఆయన వైపు చూడలేదు. నేను నా చెయ్యి బ్యాగు కింద నుంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆ రోజు నేను చేసింది అంతే. మాట్లాడింది నాలుగో వారం.

మీరు గంటన్నర కూర్చున్నారు. మామూలు పార్టీలో అంతసేపు మూల కూర్చుంటే "ఏంటి అలా ఉన్నావు" అని కనీసం ముగ్గురైనా వచ్చేవాళ్ళు. అక్కడ ఎవరూ రాలేదంటే పట్టించుకోలేదని కాకపోవచ్చు, మిమ్మల్ని మీ మానాన ఉండనిచ్చి ఉండొచ్చు. ఈ తేడా మనకి వెంటనే తెలియదు, ఎందుకంటే అలా ఉండనిచ్చిన చోటు ఇంతకుముందు చూసి ఉండం.

ఇలా కూడుకోవడం కొత్తదేమీ కాదు. 1992లోనే జిమ్ సింక్లెయిర్, ఇంకొందరు కలిసి ఆటిస్టిక్ వాళ్ళే నడిపే ఆటిజం నెట్‌వర్క్ ఇంటర్నేషనల్ అనే సంస్థ పెట్టారు. 1996 నుంచి కొన్నేళ్ళు ఆట్రీట్ అని అందరూ ఒకచోట చేరేవారు. అక్కడ రంగుల బ్యాడ్జీలు పెట్టుకునే పద్ధతి తెచ్చారు. ఎరుపు అంటే ఎవరూ నన్ను పలకరించొద్దు, పసుపు అంటే తెలిసినవాళ్ళు మాత్రమే, ఆకుపచ్చ అంటే మాట్లాడాలనుంది గానీ మొదలుపెట్టడం నా వల్ల కావట్లేదు, మీరే రండి అని. ఎంత దయ ఉన్న ఏర్పాటో చూడండి. మీ గ్రూపులో లేకపోతే మొదలుపెట్టమని నడిపేవాళ్ళకి ఒక మెసేజ్ పెట్టండి. మూడు రంగుల కాగితాలు, నాలుగు పిన్నులు చాలు.

మెసేజ్‌లోనే ఇంకా అడగండి, ఎంతసేపు ఉంటుంది, ఏ విషయం మీద, మధ్యలో లేచి వెళ్ళొచ్చా, రాసి పంపితే చదివి వినిపిస్తారా అని. నోటితో కన్నా రాతలో బాగా మాట్లాడేవాళ్ళు మనలో చాలామంది, రాసి పంపినా మాట్లాడినట్టే. మనుషుల్ని ఊరికే కలవడం కష్టమనిపిస్తే మీకిష్టమైన విషయం పట్టుకుని వెళ్ళండి, రైళ్ళో పక్షులో పాత రేడియోలో ఏదైనా సరే. ఎదురెదురుగా కూర్చుని పరిచయాలు చేసుకోవడం కన్నా పక్కపక్కన కూర్చుని ఒకే వస్తువు వైపు చూడటం మనకి తేలిక. నా ఇద్దరు స్నేహితులూ అలా దొరికినవాళ్ళే. ఒకరితో నెలకోసారి కలుస్తాను, ఇద్దరం చెరో పుస్తకం చదువుకుని లేచి వచ్చేస్తాం. ఇద్దరికీ అది చాలా మంచి సాయంత్రం.

ఒక హెచ్చరిక కూడా. నడిపేవాళ్ళలో ఒక్కరైనా ఈ తీరు ఉన్నవాళ్ళు లేకుండా, మిమ్మల్ని "మామూలుగా" ఉండటం నేర్పిస్తామనే గ్రూపు అయితే అది మనక్కావలసింది కాదు. అలాగే చికిత్సకి బదులు అని చెప్పే చోటు కూడా. డిప్రెషన్‌కి డాక్టర్ ఉండాలి, ఒంటరితనానికి మనవాళ్ళు ఉండాలి, ఒకరి పని ఇంకొకరు చెయ్యలేరు.

డయాగ్నసిస్ కాగితం లేదన్నారు. నేను వెళ్ళే గ్రూపులో ఎవరినీ అడగరు, చాలా గ్రూపుల్లో అంతే. పెద్దయ్యాక పరీక్ష చేయించుకోవడానికి డబ్బూ ఓపికా కావాలి, చేసేవాళ్ళూ దొరకాలి. మీకు ఆఫీసులో వెసులుబాటు కోసమో మీ మనశ్శాంతి కోసమో కావాలనిపిస్తే చేయించుకోండి. అదయ్యేదాకా గడప బయట నిలబడాల్సిన పని లేదు.

ఈసారి ఒక పది నిమిషాలు ముందుగా వెళ్ళండి, గది ఖాళీగా ఉన్నప్పుడే తలుపు దగ్గర కుర్చీ చూసుకుని కూర్చోండి. చేతిలో ఏదైనా పట్టుకుని వెళ్ళండి, తాళంచెవి అయినా సరే. వెళ్ళొచ్చాక నాకు ఇంకో ఉత్తరం రాయండి.